ఒరలో ఉండటం తెలిసిన కత్తి

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం చుట్టుపక్కల ఊళ్లలో శనగలో బొబ్బర్లో ఉలవలో రాత్రి నానబోసి, మర్నాడు మెత్తగా ఉడకబెట్టి, ఉల్లిగడ్డా ఎండుమిర్చీ వేసి పోపు పెట్టి గుడాలు చేసుకుంటారు. గింజలు పచ్చివి తింటే కడుపులో ఇబ్బంది అని పెద్దలు చెబుతారు. దానికి ఒక కారణం గింజలోనే ఉంది. పప్పుధాన్యాల గింజలు తమ మాంసకృత్తుల్ని ఊరికే ఎవరికీ అప్పగించవు. తిన్న జీవి పేగుల్లో మాంసకృత్తుల్ని కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌కు అడ్డుపడే చిన్నచిన్న ప్రోటీన్లను లోపల దాచుకుంటాయి. నానబెట్టి ఉడికిస్తే వాటి బలం చాలావరకు పోతుంది. సోయా గింజల్లోని అలాంటి నిరోధకాన్ని అమెరికాలో మోజెస్ కునిట్జ్ 1945లో స్ఫటికాలుగా వేరుచేశాడు. మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010 ప్రాంతంలో కంది, మినుము గింజల్లోని నిరోధకాలను శుద్ధిచేసి, పంటలు తినే గొంగళిపురుగుల జీర్ణ ఎంజైమ్‌ల మీద పరీక్షించారు.

గింజ ఇంత పకడ్బందీగా కాచుకుంటున్నదంటే ఎదుట ఉన్నది మామూలు పనిముట్టు కాదన్నమాట. ఈ వ్యాసం ఆ పనిముట్టు గురించే. అందులోనూ మనిషి క్లోమంలో పుట్టే ట్రిప్సిన్ గురించి; దాని జన్యువును బాక్టీరియాలో పెట్టి, బాక్టీరియా చేత తయారుచేయించి, పరిశోధనశాలల్లో వాడుతున్న రూపం గురించి. దీన్నే రీకాంబినెంట్ ఎంజైమ్ అంటారు. చూడటానికి చిన్న సీసా అడుగున అంటుకున్న తెల్లటి పొడి, లేదంటే ఐస్‌లో పెట్టిన కాస్త ద్రావణం. ట్రిప్సిన్ పదును గురించి నూటయాభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఆ పదును ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ మొదలవ్వకూడదో నిర్ణయించే ఏర్పాటు దానికంటే గొప్ప పనితనం. అది మనకు అర్థమవడానికి ఈ తెల్ల పొడే దారి చూపింది. ఆ కథలో హైదరాబాద్‌కు గట్టి వాటా ఉంది.

ఎక్కడ కోయాలో తెలిసిన అంచు

మాంసకృత్తు అంటే ఎమైనో ఆమ్లాలు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసు. రెండు ఆమ్లాల మధ్య ఉండే పెప్టైడ్ బంధం చాలా మొండిది. ఏ ఎంజైమూ తోడు లేకుండా నీళ్లలో వదిలేస్తే అది తనంతట తాను తెగడానికి వందల ఏళ్లు పడుతుంది. గాఢమైన ఆమ్లం పోసి గంటల తరబడి కాస్తే తెగుతుంది గానీ, అప్పుడు గొలుసు మొత్తం ఛిన్నాభిన్నం అవుతుంది. ట్రిప్సిన్ ఒంటి వేడిలోనే, కొద్దిపాటి క్షార గుణమున్న పేగు రసంలోనే, సెకన్ల లెక్కలో ఆ బంధాన్ని కోస్తుంది. కోసేది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు. లైసిన్, ఆర్జినిన్ అనే రెండు ఎమైనో ఆమ్లాల తర్వాతే కోస్తుంది. వాటి వెంటనే ప్రోలిన్ ఉంటే సాధారణంగా జోలికి పోదు.

ఈ ఎంపిక ఎలా వచ్చిందో ఆకారం చూస్తే తెలుస్తుంది. మనిషి ట్రిప్సిన్ ఒక్క గొలుసు, 224 ఎమైనో ఆమ్లాలు. ఆ గొలుసు మడతలు పడి రెండు గుండ్రటి భాగాలుగా నిలబడుతుంది. వాటి మధ్య ఒక చీలిక. చీలిక పక్కనే లోతైన గుంట. గుంట అడుగున 189వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం కూర్చుని ఉంటుంది. దానిది రుణావేశం. లైసిన్, ఆర్జినిన్‌లకు పొడవాటి తోక, ఆ తోక కొసన ధనావేశం. ఆ తోక గుంటలోకి దిగి అడుగును తాకితే, తెగాల్సిన బంధం సరిగ్గా కోత జరిగే చోటికి వచ్చి ఆగుతుంది. పొడవు చాలని ఆమ్లాలు, ఆవేశం లేని ఆమ్లాలు అక్కడ నిలవలేవు.

కోత పెట్టేది ముగ్గురు కలిసి: 57వ స్థానంలోని హిస్టిడిన్, 102లోని ఆస్పార్టిక్ ఆమ్లం, 195లోని సెరిన్. ఈ అంకెలు దగ్గరి బంధువైన కైమోట్రిప్సిన్ లెక్క ప్రకారం వాడుకలో స్థిరపడినవి. గొలుసులో ఎక్కడెక్కడో ఉన్న ఈ ముగ్గురు, మడత పడ్డాక పక్కపక్కకు చేరతారు. సెరిన్‌కు మామూలుగా అంత చొరవ ఉండదు. హిస్టిడిన్ దాని దగ్గరున్న ప్రోటాన్‌ను లాక్కుంటుంది, ఆస్పార్టిక్ ఆమ్లం హిస్టిడిన్‌ను కదలకుండా పట్టుకుంటుంది. దాంతో సెరిన్ చురుకెక్కి పెప్టైడ్ బంధం మీద పడుతుంది. గొలుసులో సగం విడిపోతుంది, మిగతా సగం కాసేపు సెరిన్‌కే అంటుకుని ఉంటుంది. ఒక నీటి అణువు వచ్చి దాన్నీ విడిపిస్తుంది. చివరికి ఎంజైమ్ మొదట ఎలా ఉందో అలాగే మిగిలి, తర్వాతి కోతకు సిద్ధమవుతుంది.

ఇది చదివితే గుంట అడుగున ఉన్న ఆ ఒక్క ఆమ్లమే మొత్తం ఎంపికకు కారణం అనిపిస్తుంది. 1980లలో శాస్త్రవేత్తలూ దాదాపు అలాగే అనుకున్నారు. కైమోట్రిప్సిన్ గుంట అడుగున సెరిన్ ఉంటుంది, అది లావుపాటి, ఆవేశం లేని ఆమ్లాల పక్కన కోస్తుంది. మరి ఎలుక ట్రిప్సిన్‌లో 189వ ఆమ్లాన్ని సెరిన్‌గా మారిస్తే కైమోట్రిప్సిన్ రావాలి కదా? రాలేదు. వచ్చింది ఏ పనికీ సరిగా పనికిరాని మొద్దు ఎంజైమ్. 1992లో లిజ్‌బెత్ హెడ్‌స్ట్రామ్, లాస్లో సిలాగీ, విలియం రట్టర్‌లు ఇంకో రెండు మెలికలను కూడా మార్చాక గానీ అది కైమోట్రిప్సిన్ దారికి రాలేదు. ఆ మెలికలు కోసే వస్తువును తాకనైనా తాకవు, అణువు ఉపరితలం మీద ఉంటాయి. పదును అంచులోనే ఉండదని, వెనకున్న పిడి, బరువు, తూకం అన్నీ కలిసి అంచును నిలబెడతాయని ఆ ప్రయోగం చూపింది. ఇలా అక్షరం అక్షరం మార్చి చూడటం రీకాంబినెంట్ పద్ధతి లేకపోతే అసాధ్యం.

పుట్టుకతోనే ఒర

ఇంత పదునున్నదాన్ని క్లోమం తయారుచేయాలి. క్లోమ కణమూ మాంసకృత్తులతో కట్టిందే. కత్తి లోపలే బయటపడితే ముందు తెగేది తయారుచేసిన చెయ్యే. అందుకే క్లోమం ట్రిప్సిన్‌ను ట్రిప్సిన్‌గా ఎప్పుడూ తయారుచేయదు. ట్రిప్సినోజెన్ అనే మూసి ఉన్న రూపంలో చేస్తుంది. 224 ఆమ్లాల గొలుసుకు ముందు మరో ఎనిమిది ఆమ్లాల తునక ఉంటుంది. ఒర అంటే ఇదే. చూస్తే ఎంత చిన్నది!

ఎనిమిది ఆమ్లాలు మొత్తం ఎంజైమ్‌ను ఎలా మూసేస్తాయి? జర్మనీలో రాబర్ట్ హ్యూబర్, వోల్ఫ్రామ్ బోడెలు 1970లలో ట్రిప్సినోజెన్ స్ఫటికాలను పరీక్షించి దీనికి జవాబు చెప్పారు. ఒర ఉన్నంతకాలం అణువులో సుమారు 15 శాతం భాగం స్థిరమైన ఆకారం లేకుండా ఊగులాడుతూ ఉంటుంది. ఆ ఊగులాడే భాగంలోనే గుంట కూడా ఉంది. గుంట పూర్తిగా ఏర్పడకపోతే లైసిన్ దిగడానికి చోటుండదు. కోసే ముగ్గురూ లోపల దాదాపు తయారుగానే ఉంటారు, వాళ్ల ముందుకు సరుకు వచ్చే దారి ఉండదు, అంతే.

ఆహారం చిన్నపేగులోకి దిగాక అక్కడి గోడల మీదున్న ఎంటెరోపెప్టిడేస్ అనే మరో ఎంజైమ్ ఆ ఎనిమిది ఆమ్లాల తునకను కోసేస్తుంది. దీన్ని 1899లో రష్యాలో పావ్లోవ్ ప్రయోగశాలలో గుర్తించారు. తునక తెగగానే ట్రిప్సిన్ గొలుసుకు కొత్త మొదలు ఏర్పడుతుంది. అక్కడ ఐసోల్యూసిన్ ఉంటుంది. అది వెనక్కి తిరిగి అణువు లోపలికి దూరి, 194వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది. ఆ ఒక్క పట్టుతో ఊగులాడే భాగాలన్నీ బిగుసుకుంటాయి, గుంట తెరుచుకుంటుంది, కోత మొదలవుతుంది. ఒకసారి మేల్కొన్న ట్రిప్సిన్ తోటి ట్రిప్సినోజెన్లను, కైమోట్రిప్సిన్, ఎలాస్టేస్, కార్బాక్సిపెప్టిడేస్‌ల మూసి ఉన్న రూపాలను కూడా మేల్కొలుపుతుంది. క్లోమం పంపిన జీర్ణ ఎంజైమ్‌ల దండు మొత్తం కదలడం ఈ ఒక్క తునక తెగడంతోనే మొదలవుతుంది.

ఇక్కడే చిక్కు కూడా ఉంది. ట్రిప్సిన్ ట్రిప్సినోజెన్‌ను కోయగలదు కాబట్టి, క్లోమంలో పొరపాటున ఒక్క అణువు మేల్కొన్నా అది పక్కవాటిని మేల్కొలిపే ప్రమాదం ఉంది. మనిషి ట్రిప్సినోజెన్‌కు ఈ గుణం ఆవు ట్రిప్సినోజెన్‌కంటే ఎక్కువ. అందుకే మనిషి క్లోమంలో ఒర మీద ఇంకా మూడు అడ్డంకులు ఉన్నాయి. ఎనిమిది ఆమ్లాల తునకలో లైసిన్‌కు ముందు వరసగా నాలుగు ఆస్పార్టిక్ ఆమ్లాలు ఉంటాయి. ఎంటెరోపెప్టిడేస్ తన చోటును గుర్తుపట్టేందుకే అవి ఉన్నాయని చాలాకాలం అనుకున్నారు. మనిషి ట్రిప్సినోజెన్ మీద చేసిన ప్రయోగాలు వాటి అసలు పని వేరని తేల్చాయి. సాటి ట్రిప్సిన్ వచ్చి కోయకుండా దూరం పెట్టడమే వాటి పని. ఇది మొదటి అడ్డంకి. రెండోది స్పింక్ 1 అనే చిన్న నిరోధక ప్రోటీన్. పొడవు 56 ఆమ్లాలే. మేల్కొన్న ట్రిప్సిన్ గుంటలోకి తానే దూరి మూసేస్తుంది. దాన్ని 1948లో లూయీ కజాల్ బృందం వేరుచేసింది. క్లోమంలో ఉండే స్పింక్ 1 మొత్తం మహా అయితే ట్రిప్సిన్‌లో ఐదోవంతును పట్టగలదని అంచనా. మూడోది కైమోట్రిప్సిన్ సి. అది ట్రిప్సినోజెన్ మేల్కొనకముందే దాన్ని కోసి పారేస్తుంది.

పప్పుగింజలో ఉన్నదీ, మన క్లోమంలో ఉన్నదీ ఒకే ఉపాయం. ట్రిప్సిన్ గుంటలోకి సరిగ్గా సరిపోయే మెలికను పెట్టి, తెగని సరుకులా అందులో ఇరుక్కుపోవడం. గింజ తన శత్రువును ఆపడానికి వాడుతుంది. మనిషి తన సొంత ఎంజైమ్‌ను ఆపడానికి వాడతాడు.

బాక్టీరియా చేత చేయించడం

ఇదంతా పరీక్షించాలంటే మనిషి ట్రిప్సినోజెన్ కావాలి. ఆవు, పంది క్లోమాల నుంచి తీసిన ట్రిప్సిన్ దశాబ్దాలుగా దొరుకుతోంది. జాన్ నార్త్రప్, కునిట్జ్‌లు ఆవు ట్రిప్సిన్‌ను 1930లలోనే స్ఫటికాలుగా చేశారు. ఎంజైమ్‌లను శుద్ధ రూపంలో తయారుచేసినందుకు నార్త్రప్‌కు 1946లో నోబెల్ వచ్చింది. మనిషి క్లోమ రసం మాత్రం ఏ కబేళాలోనూ దొరకదు. చికిత్స సందర్భంలో దొరికే కొద్దిపాటి రసంలోనూ మూడు రకాల ట్రిప్సిన్లు కలగలిసి ఉంటాయి. వాటిలో ప్రధానమైనది కాటయానిక్ రకం, దాని జన్యువు పేరు పీఆర్‌ఎస్‌ఎస్ 1, అది 7వ క్రోమోజోమ్ మీద ఉంది. ఈ జన్యు సందేశాన్ని జపాన్ పరిశోధకులు 1986లో చదివి ప్రకటించారు. ఆ తర్వాతే అక్షరం మార్చి చూసే అవకాశం వచ్చింది.

జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంలో అతికించి, ఈ. కోలై బాక్టీరియాలోకి ఎక్కించి, షేకర్‌లో పెంచుతారు. మేల్కొన్న ట్రిప్సిన్ రూపంలో చేయిస్తే అది బాక్టీరియా ప్రోటీన్ల మీదే పడుతుంది కాబట్టి ట్రిప్సినోజెన్ రూపంలోనే చేయిస్తారు. క్లోమం పాటించే జాగ్రత్తే ఇక్కడా పాటించాలి. అయితే బాక్టీరియాకు దీన్ని సరిగా మడవడం రాదు. ట్రిప్సినోజెన్ ముద్దలు కట్టి లోపల పేరుకుపోతుంది. బాక్టీరియాను పగలగొట్టి, ఆ ముద్దల్ని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి, గ్వానిడిన్ అనే గాఢ ద్రావణంలో పూర్తిగా విప్పేయాలి. అసలు పనితనం తర్వాతే మొదలవుతుంది. విప్పిన గొలుసు మళ్లీ తనంతట తాను మడత పడాలి.

ఇది ఎంత కష్టమో ఒక లెక్క చెబుతుంది. మనిషి కాటయానిక్ ట్రిప్సినోజెన్‌లో పది సిస్టీన్లు ఉంటాయి. అవి జతలు జతలుగా కలిసి ఐదు గంధక బంధాలు ఏర్పడాలి. పదింటిని ఐదు జతలు చేయడానికి 945 దారులున్నాయి. వాటిలో సరైనది ఒక్కటే. అందుకే గ్వానిడిన్‌ను చాలా పల్చబరిచి, బంధాలు కట్టడానికీ తప్పుగా కడితే విప్పడానికీ అవకాశమిచ్చే రసాయనాల జంటను సరైన పాళ్లలో కలిపి, చల్లగా, తొందర లేకుండా ఉంచుతారు. అణువులు తప్పు జతల్ని విప్పుకుంటూ, కట్టుకుంటూ చివరికి స్థిరమైన ఆకారానికి చేరతాయి. అన్నీ చేరవు. చేరినవాటిని వేరుచేయడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. ఈ. కోలై బాక్టీరియాకే ఎకోటిన్ అనే సొంత ట్రిప్సిన్ నిరోధకం ఉంది. దాన్ని కాలమ్‌లోని గుళ్లకు అతికించి, మడతపడిన ద్రావణాన్ని దాని మీదుగా పంపుతారు. సరైన ఆకారం వచ్చిన అణువులే ఎకోటిన్‌కు అంటుకుంటాయి, తక్కినవన్నీ కిందికి జారిపోతాయి. అంటుకున్నవాటిని పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో విడిపిస్తారు. ఆమ్లంలో ట్రిప్సిన్‌కు తనను తాను కోసుకునే శక్తి ఉండదు కాబట్టి, మేల్కొన్న ట్రిప్సిన్‌ను నిల్వచేయడానికి కూడా ఆమ్లమే నమ్మకమైన చోటు.

ఇంత చేసినా ఒక చిన్న లోపం మిగులుతుంది. బాక్టీరియా ప్రతి గొలుసునూ మిథయోనిన్‌తో మొదలుపెడుతుంది. సహజ ట్రిప్సినోజెన్‌కు అది ఉండదు. ఒర మొదట్లో ఒక్క ఆమ్లం అదనంగా ఉన్నా, తనంతట తాను మేల్కొనే వేగాన్ని కొలిచే ప్రయోగాలకు అది అడ్డొస్తుంది. అందుకే 2006లో ఇంటీన్ అనే స్వయంగా తెగిపోయే ప్రోటీన్ తునకను ముందు అతికించి, అచ్చం మనిషి మొదలుతోనే ట్రిప్సినోజెన్‌ను తయారుచేసే పద్ధతి తెచ్చారు. అదే ఏడాది ఇంకో తేడా బయటపడింది. మనిషి క్లోమం ట్రిప్సినోజెన్‌లోని 154వ టైరోసిన్‌కు ఒక సల్ఫేట్ తగిలిస్తుంది, బాక్టీరియాకు ఆ పని రాదు. నకలు ఎంత బాగున్నా ఎక్కడ అసలులా లేదో తెలుసుకుని మరీ వాడటం ఈ రంగంలో మంచి పనివాళ్ల గుర్తు.

చివరి పరీక్ష లెక్కపెట్టడం. పొడి ఎంత తూగిందన్నది ఇక్కడ పెద్ద లెక్క కాదు. అందులో ఎన్ని అణువులు నిజంగా కోయగలవన్నదే లెక్క. దీనికి వాడే ఒక రసాయనం పేరు పొట్టిగా ఎన్‌పీజీబీ. పనిచేసే ప్రతి ట్రిప్సిన్ అణువూ దాన్ని ఒక్కసారి కోసి, ఒక రంగు అణువును వదిలి, అక్కడే ఇరుక్కుపోతుంది. వచ్చిన రంగును కొలిస్తే చురుకైన అణువుల సంఖ్య నేరుగా తెలుస్తుంది. వేగం కొలవడానికి వాడే యూనిట్ మరొకటి. బీఏఈఈ అనే కృత్రిమ సరుకును కోసినప్పుడు 253 నానోమీటర్ల కాంతి శోషణ నిమిషానికి 0.001 పెరిగితే అది ఒక యూనిట్.

ఒక్క అక్షరం మారితే

1952లో కంఫర్ట్, స్టైన్‌బర్గ్ అనే వైద్యులు ఒకే కుటుంబంలో తరతరాలుగా వస్తున్న క్లోమ వాపును వర్ణించారు. దాని మూలం 1996లో దొరికింది. డేవిడ్ విట్‌కోంబ్ బృందం పీఆర్‌ఎస్‌ఎస్ 1 జన్యువులో ఒక మార్పును పట్టుకుంది. 122వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ ఉంది. ఆర్జినిన్ పక్కన ట్రిప్సిన్ కోస్తుంది కదా. ఆ చోటు పోతే తనను తాను కోసుకుని చల్లారే దారి మూసుకుపోతుందని వాళ్లు ఊహించారు. ఊహ అందంగానే ఉంది, రుజువు కావాలి.

2000లో హంగరీ మూలాలున్న మిక్లోష్ షాహిన్-టోత్ ఆ మార్పుతో మనిషి ట్రిప్సినోజెన్‌ను బాక్టీరియాలో చేయించి, మామూలు దానితో పక్కపక్కన పెట్టి కొలిచారు. మారిన ట్రిప్సినోజెన్ తనంతట తాను మేల్కొనడం ఎక్కువగా కనిపించింది. తర్వాతి ఏళ్లలో లెక్క మరింత స్పష్టమైంది. కైమోట్రిప్సిన్ సి ముందు 81, 82 ఆమ్లాల మధ్య కోస్తుంది, అప్పుడు 122 దగ్గర ట్రిప్సిన్ కోస్తుంది. ఈ రెండు కోతలూ పడితేనే ట్రిప్సినోజెన్ పారేయబడుతుంది. 122 దగ్గర ఆర్జినిన్ లేకపోతే రెండో కోత పడదు. 2007లో ఈ సంగతి బయటపడింది. రోగి క్లోమంలోకి తొంగిచూడకుండానే, బాక్టీరియా చేసిన రెండు సీసాల ప్రోటీన్‌ను పోల్చి, ఒక కుటుంబంలో తరతరాల కడుపునొప్పికి కారణం చెప్పగలిగారు.

హైదరాబాద్‌లో తేలింది

మన వైపు క్లోమ జబ్బు వేరే రూపంలో కనిపిస్తుంది. ఉష్ణమండల క్లోమ వాపు అంటారు. యుక్తవయసులోనే కడుపునొప్పి, క్లోమ నాళంలో రాళ్లు, తర్వాత మధుమేహం. 1959లో జుయిడెమా అనే వైద్యుడు దీన్ని ఇండోనేషియాలో గమనించారు. కేరళలో గీవర్గీస్ అనే వైద్యుడు వందల మంది రోగుల్ని పరిశీలించారు. ఈ జబ్బును ఎక్కువగా పోషకాహార లోపానికీ, కర్రపెండలం తిండికీ ముడిపెట్టేవాళ్లు. వరి, జొన్న తినే చోట్లా జబ్బు ఉంది కాబట్టి ఆ వివరణ అందరికీ సరిపోలేదు.

హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నడిపే ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, 1977లో మొదలైన సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) చేతులు కలిపాయి. ఆసుపత్రికి రోగులున్నారు, సీసీఎంబీకి జన్యువులు చదివే పనిముట్లున్నాయి. గిరిరాజ్ చందక్ మొదటి రచయితగా, అప్పటి సీసీఎంబీ డైరెక్టర్ లాల్జీ సింగ్ తదితరులతో 2002లో ఒక పత్రం వెలువడింది. విట్‌కోంబ్ చూపిన పీఆర్‌ఎస్‌ఎస్ 1 మార్పులు ఈ రోగుల్లో కారణంగా తేలలేదు. గట్టి సంబంధం కనిపించింది స్పింక్ 1 జన్యువుతో. కత్తిలో తప్పు లేదు, దాన్ని ఆపాల్సిన దాంట్లో ఉంది. 2004లో ఇతర దీర్ఘకాలిక క్లోమ వాపుల్లోనూ ఇదే కనిపించిందని చెప్పారు. 2006లో మరో అడుగు వేశారు. ట్రిప్సినోజెన్‌ను కణం లోపలే మేల్కొలపగల క్యాథెప్సిన్ బి అనే ఎంజైమ్ జన్యువులోని ఒక తేడాకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని చూపారు. 2008లో కైమోట్రిప్సిన్ సి జన్యువులో లోపాలు జబ్బుకు దారితీస్తాయని ఒక అంతర్జాతీయ బృందం ప్రకటించినప్పుడు, అందులో భారతీయ రోగుల నమూనాలూ ఉన్నాయి.

ఈ వరసను చూస్తే మెచ్చుకోవాల్సింది ఒకటుంది. పాశ్చాత్య కుటుంబాల్లో దొరికిన మార్పునే ఇక్కడా వెతికి, దొరక్కపోతే వదిలేయకుండా, ట్రిప్సిన్ చుట్టూ ఉన్న ప్రతి అడ్డంకినీ ఒక్కొక్కటిగా తడిమి చూశారు. ట్రిప్సిన్ ఎలా అదుపులో ఉంటుందో పరీక్షనాళికలో ముందే తెలియకపోతే ఎక్కడ వెతకాలో కూడా తెలిసేది కాదు.

ఒక ముడి మాత్రం వెంటనే విడలేదు. స్పింక్ 1లో ఎక్కువగా కనిపించే మార్పు 34వ ఆస్పరాజిన్ స్థానంలో సెరిన్ రావడం. ఆ మారిన స్పింక్ 1ను కూడా రీకాంబినెంట్ పద్ధతిలో చేసి ట్రిప్సిన్ మీద పెట్టి చూశారు. ఆశ్చర్యం, అది మామూలు దానిలాగే ట్రిప్సిన్‌ను ఆపింది. ఆరోగ్యవంతుల్లోనూ కొందరిలో ఆ మార్పు ఉంది. అంటే 34వ ఆమ్లం తనంతట తాను దోషి కాకపోవచ్చు. దానితో పాటు వంశపారంపర్యంగా వచ్చే, జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే మరో చోటు మీదికి పరిశోధకుల చూపు మళ్లింది. ఈ మలుపు తిప్పింది రీకాంబినెంట్ ప్రోటీన్ ఇచ్చిన ప్రతికూల ఫలితం. అనుమానాన్ని కొట్టేయడం కూడా ఒక పనిముట్టు చేయగల మేలైన పనుల్లో ఒకటి.

క్లోమం దాటి

ట్రిప్సిన్‌కు పరిశోధనశాలల్లో ఇంకా చాలా పనులున్నాయి. ప్లాస్టిక్ ప్లేటుకు అంటుకుని పెరిగే కణాల్ని విడదీయడానికి దాన్నే పోస్తారు. ప్రోటీన్లను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గుర్తించేవాళ్లు ముందు ట్రిప్సిన్‌తో కోస్తారు, ఎక్కడ తెగుతుందో ముందే తెలుసు కాబట్టి ముక్కల బరువు నుంచి అసలు ప్రోటీన్ ఏదో లెక్కకట్టవచ్చు. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌ను ప్రయోగశాలలో పెంచాలన్నా ట్రిప్సిన్ కావాలి. అది వైరస్ పైనున్న ఒక ప్రోటీన్‌ను కోస్తే గానీ వైరస్ కణాల్లోకి చురుగ్గా దూరదు. హైదరాబాద్ భారత్ బయోటెక్ 2015లో విడుదల చేసిన రోటావాక్ ఈ వైరస్ మీది టీకాయే.

టీకాల దగ్గరే జంతువుల నుంచి తీసిన ట్రిప్సిన్‌కు ఎదురుదెబ్బ తగిలింది. 2010లో ఒక పేరున్న రోటావైరస్ టీకాలో పందుల వైరస్ డీఎన్‌ఏ జాడలు దొరికాయి. పంది క్లోమం నుంచి తీసిన ట్రిప్సిన్ మీదికి అనుమానం వెళ్లింది. ఆ వైరస్ మనుషులకు హాని చేస్తుందన్న ఆధారం లేకపోయినా, జంతువుల మూలం లేని రీకాంబినెంట్ ట్రిప్సిన్‌కు గిరాకీ పెరిగింది. అలాంటి ప్రోటీన్లు చేసే బెంగళూరు రిచ్‌కోర్ కంపెనీలో ఎక్కువ వాటాను హైదరాబాద్ లారస్ ల్యాబ్స్ 2020 చివర్లో కొనడానికి ఒప్పందం చేసుకుంది. తర్వాత దాని పేరు లారస్ బయో. 1993లో పుట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో ఈస్ట్ చేత చేయించిన హెపటైటిస్ బి టీకాను మార్కెట్‌లోకి తెచ్చిన నాటి నుంచి, సూక్ష్మజీవుల చేత మనకు కావలసిన ప్రోటీన్ చేయించడం హైదరాబాద్‌కు చేతికొచ్చిన విద్యే.

పరిశ్రమకు కావలసింది పెద్ద మొత్తంలో స్థిరంగా కోసే ట్రిప్సిన్. పరిశోధనకు కావలసింది మిల్లీగ్రాముల్లో అచ్చం మనిషిలా ప్రవర్తించే ట్రిప్సిన్. రెండో దానికి లాభం తక్కువ, శ్రమ ఎక్కువ. అయినా దాని అవసరం పెరుగుతూనే ఉంటుంది. క్లోమ జబ్బుతో ఖమ్మం నుంచో భద్రాచలం నుంచో హైదరాబాద్ చేరే ప్రతి రోగి డీఎన్‌ఏ చదివితే ఇప్పటిదాకా ఎవరూ చూడని మార్పు ఒకటి కనిపించవచ్చు. అది హానికరమో, నిరపాయమో కంప్యూటర్ అంచనా మాత్రమే వేయగలదు. తేల్చేది ఆ మార్పుతో చేసిన ఎంజైమ్‌ను మామూలు దాని పక్కన పెట్టి గడియారం చూసే ప్రయోగమే. దానికి కావలసిన షేకర్, సెంట్రిఫ్యూజ్, కాలమ్, స్పెక్ట్రోఫోటోమీటర్ మన విశ్వవిద్యాలయాల జీవరసాయన శాఖలకు కొత్తవి కావు. 945 దారుల్లో ఒక్క దారిని ఓపికగా వెతికే చేతులు మాత్రం తరానికోసారి మళ్లీ తయారవ్వాలి. ఈ ఎంజైమ్ మీద పీజీ విద్యార్థి ఒక సెమిస్టర్ గడిపితే వచ్చే అనుభవం, ఆ చేతుల్ని తయారుచేయడానికి మంచి మొదలు.